లేతోలి పాదముద్రలు: నిటారు నడక చరిత్రలో సాక్ష్యం, అన్వయం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘జాడ’ అంటే గుర్తు; ఆచూకీ కూడా. ‘అడుగుజాడ’ అన్న సమాసంలో ఈ రెండర్థాలూ కలిసే ఉన్నాయి. నేలమీద పడిన ముద్ర ఒకటి, ఆ ముద్ర వెంట పోతే దొరకవలసిన మనిషి ఇంకొకటి. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండవదాన్ని అన్వయించుకోవాలి. పురామానవశాస్త్రంలో ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉండగలదో ఉత్తర టాంజానియాలోని లేతోలి పాదముద్రల అధ్యయన చరిత్ర చూపుతుంది. 36.6 లక్షల సంవత్సరాల నాటి ఈ ముద్రలు, మెదడు పెద్దది కావడానికి చాలా ముందే మానవుని పూర్వికులు రెండు కాళ్ళపై నిటారుగా నడిచారన్న విషయాన్ని స్థిరపరిచాయి. పాఠ్యగ్రంథాల కథనం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. అయితే అదే బూడిద పొరలో, అంతకు రెండేళ్ళ ముందే బయటపడిన మరో ఐదు అడుగులను ఎలుగుబంటివిగా భావించి నాలుగు దశాబ్దాల పాటు పక్కన పెట్టారు. ఒక వరుస ముద్రలు ప్రపంచప్రసిద్ధం కావడానికీ, మరో వరుస మరుగున పడడానికీ కారణం ముద్రల స్థితిలో కొంత ఉన్నా, వాటిని చదివినవారి అంచనాల్లోనే ఎక్కువగా ఉంది. ఆ అంచనాలు ఎలా ఏర్పడ్డాయో, ఎలా సడలాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడు ముందా, పాదం ముందా?

చార్లెస్ డార్విన్ 1871లో ప్రచురించిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో నిటారు నడకను చేతుల విముక్తితో ముడిపెట్టారు. చేతులు ఖాళీ అయితే పనిముట్లు, ఆయుధాలు పట్టవచ్చు, ఆయుధాలు చేతికి వస్తే పెద్ద కోరపళ్ళ అవసరం తగ్గుతుంది, బుద్ధి పదునెక్కుతుంది. ఈ మార్పులు ఒకదానినొకటి తోసుకుంటూ దాదాపు కలిసే సాగాయన్న అభిప్రాయం దీనివల్ల బలపడింది. 1876లో రాసి అసంపూర్తిగా వదిలేసి, మరణానంతరం 1896లో వెలుగు చూసిన వ్యాసంలో ఫ్రెడరిక్ ఎంగెల్స్ వరుసక్రమాన్ని మరింత స్పష్టంగా చెప్పారు. ముందు నిటారు నడక, తర్వాత చేయి, శ్రమ, భాష, ఆ పైన మెదడు. ఆనాటికి దీన్ని నిరూపించగల శిలాజం ఏదీ ఆయన ముందు లేదు. తార్కికంగా వేసిన అంచనా అది. ఇప్పటి సాక్ష్యంతో పోలిస్తే, కనీసం తొలి మెట్టు విషయంలో, ఆ అంచనా సరైనదే.

యూజీన్ డుబ్వా 1891-92లో జావాలో ఒక కపాలపు పైభాగాన్నీ, మనిషి తొడ ఎముకను పోలిన ఎముకనూ సేకరించి, ఆ జీవికి ‘నిటారుగా నిలిచినది’ అన్న అర్థం వచ్చేలా ఎరెక్టస్ అని పేరు పెట్టారు. కపాలం చిన్నది, తొడ మాత్రం మనిషిది. క్రమం అప్పుడే కనిపించి ఉండవలసింది. కానీ బ్రిటన్‌లో మరో దృష్టి బలంగా ఉండేది. మనిషిని మనిషిగా చేసినది మేధ కాబట్టి పరిణామంలోనూ మెదడే ముందు నడిచి ఉండాలని గ్రాఫ్టన్ ఎలియట్ స్మిత్ వంటి శరీరనిర్మాణ శాస్త్రవేత్తలు వాదించారు. 1912లో ప్రకటితమైన పిల్ట్‌డౌన్ ‘శిలాజం’ ఈ కోరికకు తగినట్టే ఉంది: పెద్ద కపాలం, వానరపు దవడ. మనిషి కపాలానికి ఒరాంగుటాన్ దవడను జతచేసి, పళ్ళు అరగదీసి చేసిన మోసమని 1953లో గానీ తేలలేదు.

ఈ మధ్యకాలంలో అసలు సాక్ష్యం దక్షిణాఫ్రికాలో దొరికింది. 1924లో టాంగ్ సున్నపురాతి గనిలో లభించిన ఒక పిల్లవాని కపాలాన్ని రేమండ్ డార్ట్ 1925లో వివరించారు. మెదడు వానరానికి దగ్గరి పరిమాణంలో ఉన్నా, వెన్నుపాము కపాలంలోకి ప్రవేశించే మహారంధ్రం వెనుకవైపు కాక అడుగుభాగాన ముందుకు జరిగి ఉంది. తల వెన్నెముకపై నిలువుగా నిలిచిందనడానికి ఇది సూచన. డార్ట్ వాదాన్ని పండితలోకం చాలాకాలం పట్టించుకోలేదు. దొంగ శిలాజం నిజమైన శిలాజానికి అడ్డునిలిచిన సందర్భం ఇది. సాక్ష్యం లేకపోవడం కంటే, కోరుకున్న సాక్ష్యం చేతిలో ఉండడమే ఇక్కడ ఎక్కువ హాని చేసింది.

1974 నవంబరులో ఇథియోపియాలోని హదార్ వద్ద డొనాల్డ్ జొహాన్సన్ బృందానికి దొరికిన ‘లూసీ’ అస్థిపంజరంతో చర్చ మలుపు తిరిగింది. సుమారు 32 లక్షల సంవత్సరాల నాటి ఈ జీవి కటి ఎముకలు పొట్టిగా, వెడల్పుగా, గిన్నె ఆకారానికి దగ్గరగా ఉన్నాయి. తొడ ఎముక మోకాలి వద్దకు వచ్చేసరికి లోపలికి వాలి, పాదం శరీరభారం కిందికి వచ్చేలా ఉంది. మెదడు మాత్రం నేటి మనిషి మెదడులో దాదాపు మూడోవంతు. అయినా వివాదం ముగియలేదు. వేళ్ళ ఎముకల వంపును చూపి, ఈ జీవి చెట్లెక్కడంలో నేర్పరి అనీ, నేలపై నడిచినా మోకాళ్ళు వంచి నడిచి ఉంటుందనీ జాక్ స్టెర్న్, రాండల్ సస్మన్ 1983లో వాదించారు. ఎముక ఒక శరీరం ఏం చేయగలదో చెబుతుంది. ఆ శరీరం ఒకానొక రోజున నిజంగా ఏం చేసిందో చెప్పగలిగినది పాదముద్ర ఒక్కటే.

బూడిదపై వాన

ఓల్డువాయ్ లోయకు దక్షిణాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో లేతోలి ఉంది. మేరీ లీకీ బృందం 1974 నుంచి ఇక్కడ క్రమబద్ధంగా పనిచేసింది. 1976లో ఒకనాటి సాయంత్రం, బృందాన్ని చూడవచ్చిన శాస్త్రవేత్తలు ఎండిన ఏనుగు లద్దెలు ఒకరిమీద ఒకరు విసురుకుంటూ ఆడుకుంటున్నారు. తప్పించుకోబోయిన ఆండ్రూ హిల్ నేలమీద పడి, తన కళ్ళెదుటి గట్టిపడిన బూడిదలో గుంటలను గమనించారు. అవి జంతువుల అడుగులు. తర్వాతి అన్వేషణలో కుందేళ్ళు, గిన్నెకోళ్ళు, ఏనుగులు, ఖడ్గమృగాలు, జిరాఫీలు, మూడు గిట్టల హిప్పారియన్ గుర్రాలు వదిలిన వేలాది ముద్రలు బయటపడ్డాయి.

ముద్రలు నిలిచిన తీరు ఒక అరుదైన యాదృచ్ఛికం. అగ్నిపర్వతం కొద్దికొద్దిగా, పలుమార్లు సన్నని బూడిద కురిపించింది. ఆ బూడిదపై చిరుజల్లు పడింది. చినుకుల గుంటలు కూడా నేటికీ కనిపిస్తాయి. తడిసిన బూడిద మెత్తటి సిమెంటులా మారిన వేళ జంతువులు దానిపై నడిచాయి. ఎండకు అది గట్టిపడింది, మళ్ళీ బూడిద కురిసి కప్పివేసింది. ముద్రలున్న ఈ టఫ్ పొర మందం మొత్తంగా సుమారు 15 సెంటీమీటర్లే. ఈ బూడిద తూర్పున ఉన్న సడిమన్ పర్వతం నుంచి వచ్చిందని చాలాకాలం రాశారు. తర్వాతి భూరసాయన పరిశీలనలు ఆ నిర్ధారణను ప్రశ్నించాయి.

1978లో పాల్ ఏబెల్ ‘జి’ స్థలం వద్ద మనిషి మడమను పోలిన ముద్రను గుర్తించారు. తవ్వకం సాగినకొద్దీ సుమారు 27 మీటర్ల పొడవున, 70 దాకా అడుగులు రెండు వరుసలుగా తేలాయి. బొటనవేలు పక్కకు విడిపోకుండా మిగతా వేళ్ళతో ఒకే దిశలో ఉంది. మడమ లోతుగా దిగింది. బరువు మడమ నుంచి పాదం ముందుభాగానికి జరిగి, చివర బొటనవేలితో నేలను తన్నిన క్రమాన్ని ఆ లోతుల తేడాలో చదవవచ్చు. చేతులు ఆనించిన గుర్తు ఎక్కడా లేదు. ఇప్పటివరకు తెలిసిన అతి ప్రాచీన రాతి పనిముట్లు కెన్యాలోని లొమెక్వీవి, సుమారు 33 లక్షల సంవత్సరాల నాటివి; లేతోలి అడుగులు వాటికంటే మూడు లక్షల ఏళ్ళకు పైగా పాతవి. నడక ముందు, చెక్కిన రాయి తర్వాత, పెద్ద మెదడు ఇంకా తర్వాత. ఇంత కచ్చితంగా ఈ క్రమాన్ని చెప్పిన ఆధారం అంతకుముందు లేదు.

నిటారు నడక ఇంకెంత పాతది, ఎందుకు మొదలైంది అన్నవి వేరే ప్రశ్నలు. 44 లక్షల సంవత్సరాల నాటి ఆర్డిపితెకస్ రామిడస్‌కు పక్కకు విడిపోయిన బొటనవేలు, నిలబడడానికి వీలైన కటి ఎముక రెండూ ఉన్నాయి. దాని పరిసరాల్లో చెట్లు గణనీయంగా ఉండేవని దాన్ని వెలికితీసినవారే చెప్పారు. గడ్డిమైదానాలు విస్తరించినందువల్లనే మానవపూర్వికులు లేచి నిలబడ్డారన్న పాత సూత్రం దీనితో బలహీనపడింది. చింపాంజీ నాలుగు కాళ్ళ నడకతో పోలిస్తే మనిషి నడకకు నాలుగో వంతు శక్తి మాత్రమే ఖర్చవుతుందని 2007లో ప్రచురితమైన ప్రయోగాలు తేల్చాయి. ఆ లాభం నేటి మనిషి కాళ్ళది. తొలిసారి లేచి నిలబడిన జీవికి అంత లాభం దక్కిందని దీన్నిబట్టి చెప్పలేం.

ఎవరి అడుగులు?

నడక తేలింది, నడిచినది ఎవరన్నది తేలలేదు. లేతోలిలోనే దొరికిన ఎల్.హెచ్.-4 అనే కింది దవడను ప్రామాణిక నమూనాగా తీసుకొని, జొహాన్సన్, టిమ్ వైట్, ఈవ్ కొప్పెన్స్ 1978లో ఆస్ట్రలోపితెకస్ అఫరెన్సిస్ అనే కొత్త జాతిని ప్రకటించారు. పేరు ఇథియోపియాలోని అఫార్ ప్రాంతానిది, ప్రామాణిక ఎముక దూరాన ఉన్న టాంజానియాది. మేరీ లీకీ దీన్ని అంగీకరించక, ఆ రచన నుంచి తన పేరు తొలగింపజేశారు. లేతోలి జీవులు హోమో వంశానికి చెందినవని ఆమె భావన. పాదాల నిపుణుడు రస్సెల్ టటిల్ కూడా, చెప్పులెరుగని నేటి మనుషుల అడుగులతో ‘జి’ ముద్రలను పోల్చి, వేళ్ళు వంపు తిరిగిన అఫరెన్సిస్ ఇంత మానవసదృశమైన ముద్ర వేయలేదని వాదించారు. టిమ్ వైట్, గెన్ సువా 1987లో శిలాజాల ఆధారంగా ఒక పాదాన్ని పునర్నిర్మించి, అది ముద్రలతో సరిపోతుందని చూపారు. మెజారిటీ అభిప్రాయం ఈ రెండవ పక్షానికి చేరింది.

ఇంతలో ముద్రల చుట్టూ ఒక కుటుంబకథ అల్లుకుంది. ‘జి’ స్థలంలో ఒకవైపు చిన్న అడుగులు, వాటి పక్కన పెద్ద అడుగులు, ఆ పెద్ద అడుగుల్లోనే కాలు మోపుతూ నడిచిన మూడో వ్యక్తి గుర్తులు ఉన్నాయి. చిన్న అడుగుల వ్యక్తి ఒకచోట ఆగి ఎడమకు తిరిగినట్టు మేరీ లీకీ చదివారు. ఆ వ్యక్తిని ఆమె స్త్రీగా ప్రస్తావించారు. న్యూయార్క్‌లోని అమెరికన్ ప్రకృతిచరిత్ర మ్యూజియం ప్రదర్శనలో ఇది మరో అడుగు ముందుకు వెళ్ళింది. అక్కడ పొడుగాటి మగమనిషి పొట్టి స్త్రీ భుజం చుట్టూ చేయి వేసి నడుస్తుంటాడు. బూడిదలో పాదాలే ఉన్నాయి, చేతులు లేవు. చిన్న పాదం స్త్రీది కావచ్చు, ఎదుగుతున్న పిల్లవాడిది కూడా కావచ్చు. ముగ్గురూ ఒకే వేళ కలిసి నడిచారని గట్టిగా చెప్పడమూ కష్టమే, ఎందుకంటే మూడోవారు మెత్తటి నేల ఆరేలోగా ఎప్పుడైనా వెనకవచ్చి ఉండవచ్చు. బొమ్మ కట్టాలంటే చేతులు ఎక్కడో ఒకచోట ఉంచక తప్పదన్నది నిజమే. అయినా కోట్లమంది మనసుల్లో నాటుకున్నది ముద్రలు కావు, ఆ చేయి. ఇరవయ్యో శతాబ్దపు దాంపత్య భావన ముప్పై ఆరు లక్షల ఏళ్ళు వెనక్కి ప్రయాణించిన ఉదాహరణగా దీన్ని చూడడం సబబు.

నడక తీరు గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. డేవిడ్ రైక్లెన్ బృందం 2010లో నేటి మనుషులను ఇసుకపై ఒకసారి మామూలుగా, మరోసారి మోకాళ్ళు, తుంటి వంచి నడిపించి చూసింది. లేతోలి ముద్రల లోతులు మామూలు నడకకు దగ్గరగా వచ్చాయి. 2016లో కెవిన్ హటాలా తదితరులు మరింత విస్తృతమైన పోలికతో, ఆ నడక నేటి మనిషి నడకకు దగ్గరిదే అయినా అచ్చంగా అదే కాదనీ, పాదం నేలను తాకే వేళ కాలు కొంచెం ఎక్కువ వంగి ఉండేదనీ తేల్చారు. అదే ఏడు, ‘జి’ స్థలానికి 150 మీటర్ల దూరాన ‘ఎస్’ స్థలం ముద్రలను ఫిడెలిస్ మసావో, మార్కో కెరిన్ తదితరులు ప్రకటించారు. ప్రతిపాదిత మ్యూజియం కోసం నేలను పరీక్షిస్తుండగా ఇవి దొరికాయి. వీటిలో ఒకరి ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు ఉంటుందని అంచనా. ‘జి’ స్థలం వారందరికంటే ఎక్కువ. ఒక పెద్ద మగ, కొందరు ఆడవారు, పిల్లలు ఉన్న గుంపు కావచ్చునని పరిశోధకులు సూచించారు. గొరిల్లా సమూహాన్ని తలపించే ఈ చిత్రం, భుజంపై చేయి వేసిన జంట చిత్రానికి చాలా దూరం.

‘ఎ’ స్థలం

1976లో జంతువుల ముద్రలతో పాటే ‘ఎ’ స్థలంలో రెండు కాళ్ళపై నడిచిన జీవి వేసిన ఐదు వరుస అడుగులు కనిపించాయి. అవి పొట్టిగా, వెడల్పుగా ఉన్నాయి. ఎడమ, కుడి అడుగులు ఒకదాని గీతను మరొకటి దాటుతూ పడ్డాయి. మేరీ లీకీ మొదట వీటిని మానవపూర్వికునివిగానే తలచారు. రెండేళ్ళకు ‘జి’ ముద్రలు దొరికాక పరిస్థితి మారింది. వాటి పక్కన పెట్టి చూస్తే ఇవి మనిషివిగా కనిపించలేదు. వెనుక కాళ్ళపై నడిచిన పిల్ల ఎలుగుబంటివి కావచ్చునని టటిల్ 1980లలో సూచించారు. ముద్రలను అప్పటికి పూర్తిగా శుభ్రం చేసి తవ్వలేదన్నది కూడా గుర్తించాలి. ఆ సూచన క్రమంగా నిర్ధారణలా చలామణి అయింది. ఇక్కడ ‘జి’ ముద్రలు సాక్ష్యంగానే మిగలక కొలబద్దగా మారాయి: మానవపూర్వికుని అడుగు అంటే ఇలా ఉండాలి, ఇలా లేనిది మరెవరిదో.

‘జి’ ముద్రల సంరక్షణ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1979లో వాటిని తిరిగి మట్టితో కప్పారు. ఆ మట్టిలోని తుమ్మజాతి చెట్ల విత్తనాలు మొలకెత్తి, వేళ్ళు టఫ్ పొరలోకి దిగసాగాయి. 1990లలో టాంజానియా పురావస్తు శాఖ, గెట్టీ సంరక్షణ సంస్థ కలిసి చెట్లను తొలగించి, ముద్రలను మళ్ళీ తెరిచి, నమోదు చేసి, పొరలు పొరలుగా కప్పాయి. ‘ఎ’ స్థలానికి ఇటువంటి శ్రద్ధ ఏదీ దక్కలేదు. వానలకు కొట్టుకువచ్చిన మట్టే దాన్ని కప్పి కాపాడింది.

2019లో చార్లెస్ ముసిబా, ఎలిసన్ మెక్‌నట్, జెరెమీ డిసిల్వా తదితరులు ఆ ఐదు అడుగులను తిరిగి వెలికితీసి పూర్తిగా శుభ్రం చేశారు. 2021లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మనుషుల, చింపాంజీల, అమెరికా నల్ల ఎలుగుల అడుగులతో ముద్రలను పోల్చినప్పుడు, మడమ వెడల్పు, బొటనవేలి పరిమాణం ఎలుగుతో సరిపోలేదు. అడవి ఎలుగుల వీడియోలను యాభై గంటలకు పైగా పరిశీలిస్తే, అవి రెండు కాళ్ళపై నడిచిన సమయం ఒక శాతానికన్నా తక్కువ. లేతోలిలో వేలకొద్దీ జంతు శిలాజాలు దొరికినా వాటిలో ఎలుగు ఎముక ఒక్కటీ లేదు. ఈ చివరి వాస్తవం కొత్తగా కనుగొన్నది కాదు, ముందునుంచీ అందుబాటులో ఉన్నదే. ‘ఎ’ అడుగులు ‘జి’ వారికంటే భిన్నంగా నడిచిన మరో మానవపూర్వికునివనీ, బహుశా మరో జాతివనీ ఆ రచయితలు తేల్చారు.

ఈ నిర్ధారణకూ హద్దులున్నాయి. అడుగులు ఐదే. జారుడు నేలపై తూలకుండా ఉండడానికి మనుషులు కూడా ఒక్కోసారి కాలి మీదుగా కాలు వేసి నడుస్తారు. కాబట్టి నడకలోని ఆ ఒక్క లక్షణంతో జాతిని నిర్ణయించలేం; పాదం ఆకృతిపైనే వాదం నిలవాలి. ముద్ర ఉండి ఎముక లేనప్పుడు కర్త ఎవరన్నది తేలని చిక్కు నంద్యాల జిల్లా జ్వాలాపురం గురించి చదివినవారికి పరిచితమే. అక్కడ సుమారు 74 వేల సంవత్సరాల నాటి టోబా అగ్నిపర్వత బూడిద పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు ఉన్నాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. అవి ఆధునిక మానవులవని వారు సూచించగా ఇతరులు సందేహించారు. అక్కడ దొరికినది చేతి పని, లేతోలిలో దొరికినది కాలి పని. తీర్పు చెప్పవలసిన ఎముక రెండుచోట్లా కరువే.

అయితే ‘ఎ’ స్థలం వాదం ఒంటరిది కాదు. ఇథియోపియాలోని బుర్తెలె వద్ద దొరికిన 34 లక్షల సంవత్సరాల నాటి పాదపు ఎముకలను యొహానెస్ హైలె-సెలాసీ తదితరులు 2012లో ప్రకటించారు. అఫరెన్సిస్ జీవించిన కాలంలోనే, చెట్టుకొమ్మను పట్టగల బొటనవేలుతో మరో జీవి రెండు కాళ్ళపై నడిచినట్టు అవి తెలుపుతాయి. ఆ పైన 2024లో హటాలా తదితరులు కెన్యాలోని తుర్కానా సరస్సు తూర్పుతీరం నుంచి, సుమారు 15 లక్షల సంవత్సరాల నాటి ఒకే బురద పొరపై రెండు రకాల పాదముద్రలను ప్రకటించారు. ఒక రకాన్ని హోమో ఎరెక్టస్‌కూ, మరో రకాన్ని పారాంత్రోపస్ బోయిసెయికీ ఆపాదించారు. ముద్రలు చెరగకముందే పూడిపోయిన తీరునుబట్టి, ఆ రెండు జాతులూ కొన్ని గంటల తేడాతో అదే ఒడ్డున నడిచి ఉండాలని వారి అంచనా. లేతోలిలో ‘ఎ’, ‘జి’ స్థలాల మధ్య దూరం రెండు కిలోమీటర్లకు మించదు. అడుగులు పడినది అదే టఫ్ పొరలో. ఆ రెండు జీవులూ ఒకరినొకరు చూసి ఉండవచ్చునా అన్న ప్రశ్న, ఐదు అడుగులను ఎలుగుబంటికి అప్పగించినన్నాళ్ళూ అడగడానికే వీలులేనిది.